కౌజుపిట్ట చేర్చుకున్న లంకబాట

అనగనగా కొండకూ ఏటికీ నడుమ ఒక గడ్డి అడవి. అందులో చుక్కమ్మ అనే కౌజుపిట్ట, ఆమె కూతురు మిణుకు ఉండేవారు.

పిల్లలూ, ఆ అడవిలో అందరూ తమ నాణేలను సెల్‌ఫోన్‌లోని క్రిప్టో వాలెట్‌లో దాచుకునేవారు. వాలెట్ ఒక సంచి అనుకోండి. నాణేలు నడిచే దారి పేరు నెట్‌వర్క్. అడవికి ఒక దారి, ఏటి నడుమ ఉన్న లంకకు వేరొక దారి. వాలెట్‌లో లేని దారిని మనమే చేర్చుకోవాలి. అందుకు దాని పేరు, ఫోన్ దాన్ని ఎక్కడ అందుకోవాలో చెప్పే చిరునామా, చైన్ ఐడీ అనే అంకె నింపాలి.

ఒక వేసవిలో గడ్డికి నిప్పంటుకుని మిణుకు రెక్క కాలింది. లంకలోని చుట్టాలు జాలిపడి, మందుకు సరిపడా నాణేలను తమ లంకబాట అనే నెట్‌వర్క్ మీద చుక్కమ్మకు పంపారు. ఆ దారిని చేర్చుకుంటే తప్ప అవి ఆమెకు కనబడవు.

లంకలోని కొంగ వైద్యుడు ఫోన్ చేశాడు. "మందు మూట కట్టి ఉంచాను, తల్లీ. వెల చేరనిదే మూట బల్లకట్టు ఎక్కకూడదని మా లంక కట్టుబాటు. పొద్దు వాలితే బల్లకట్టు వెళ్ళిపోతుంది, మళ్ళీ తెల్లవారితేనే. ఆలోపు పంపు."

అంతలో గంధయ్య అనే పునుగుపిల్లి వచ్చాడు.

"ఎందుకక్కా దిగులు? లంకబాటేగా! వివరాలన్నీ నీ ఫోన్‌కి పంపాను. 'చేర్చు' అని నొక్కు, అయిపోయె!"

తెరమీద లంకబాట అనే పేరే ఉంది. లంక గుర్తు కూడా ఉంది.

"ఈ చిరునామా నీకు ఎవరిచ్చారు, తమ్ముడూ?"

"ఎవరిస్తేనేం? పేరు చదవడం రాదా? నీ ప్రశ్నలు అయ్యేసరికి బల్లకట్టు వెళ్ళిపోతుంది."

"అమ్మా, మంట!" అని మూలిగింది మిణుకు. చుక్కమ్మ ముక్కు తెరదాకా వెళ్ళి ఆగింది.

కౌజులకు ఒక అలవాటు ఉంది. గడ్డిలో దాగిన పిల్లలు అమ్మ పిలుపు విన్నా బయటికి రారు. ఎందుకంటే ఏట్రింత పిట్ట ఏ గొంతునైనా అచ్చంగా అనుకరిస్తుంది. అందుకే వేరొక దిక్కు నుంచి నాన్న పిలుపు కూడా వినబడ్డాకే కదులుతారు.

"ఒక్క గొంతు విని నిన్నెప్పుడైనా బయటికి రమ్మన్నానా, బంగారం?"

"లేదమ్మా."

"మరి ఒక్క గొంతు విని ఈ దారిలోకి నేనెలా వెళ్ళను?"

మిణుకు కళ్ళు తుడుచుకుంది. "ఆగుతాలే. నువ్వు అడుగు."

చుక్కమ్మ బల్లకట్టు నడిపే నీటికుక్క ఏరన్నకు ఫోన్ చేసింది. అతడు రేవు రాతిమీద లంకవారు చెక్కించిన వివరాలు చదివాడు. పేరు ఒకటే. చైన్ ఐడీ కూడా ఒకటే. చిరునామా మాత్రం గంధయ్య ఇచ్చింది కాదు.

"అది మా దారి కాదు, చెల్లెమ్మా. అక్కడ కనబడేదంతా వాడు చూపించేదే. ముళ్ళపంది మల్లన్న అలాగే సంచి మొత్తం పోగొట్టుకున్నాడు."

"వైద్యుడుగారి నోట కూడా వింటాను, అన్నా."

"నన్ను కూడా నమ్మవన్నమాట! విను, విను. బల్లకట్టును మాత్రం ఆపలేను."

కొంగ వైద్యుడు ఎవరికో కట్టు కడుతున్నాడు. ఫోన్ ఎత్తలేదు. బల్లకట్టు వెళ్ళిపోయింది. చుక్కమ్మ తడి గడ్డితో విసురుతూ బిడ్డ పక్కనే కూర్చుంది.

చీకటి పడుతుండగా వైద్యుడే పిలిచాడు. ఆయన చెప్పిన చిరునామా, రాతిమీది చిరునామా అక్షరాలా ఒకటే. చుక్కమ్మ గంధయ్య పంపినదాన్ని చెరిపివేసి, అసలైన లంకబాటను చేర్చుకుంది. చుట్టాల నాణేలు కనబడ్డాయి. ముందుగా ఒక్క నాణెం పంపింది.

"చేరింది, తల్లీ!" అన్నాడు వైద్యుడు. అప్పుడు మిగిలినవి పంపింది.

తెల్లవారగానే మందు వచ్చింది. రెక్కకు రాయగానే మిణుకు నిద్రపోయింది. ఈ సంగతి విని, అడవిలో అంతకుముందు గంధయ్య మాట నమ్మినవారంతా తమ ఫోన్లలోంచి అతడి దారిని తీసేశారు.

గంధయ్య గుర్రుగా వచ్చాడు. "ఏమక్కా, రాత్రంతా పిల్లను ఏడిపించావటగా!"

"అవును తమ్ముడూ, ఏడ్చింది," అంది చుక్కమ్మ. "ఇప్పుడే నిద్రపోయింది. మెల్లగా మాట్లాడు."

నీతి: పేరు చూసి కొత్త దారిని నమ్మకండి. దాని వివరాలను నమ్మదగిన రెండు చోట్ల సరిచూసుకోండి. కొంచెం పంపి, చేరిందని తెలిశాకే మిగిలింది పంపండి.