సుళ్ళు చూసే సోములు కూతురు

అనగా అనగా, ఏరు దాటాక ఒక ఊరు. ఊ కొడతావా, నిద్రపోతావా? కొట్టు మరి.

ఆ ఊళ్ళో సోములని ఒకాయన. ఆవుల్నీ ఎడ్లనీ ఒంటి మీది సుళ్ళు చూసి, కొమ్ములు చూసి, ఇది మంచిది, ఇది పనికిరాదు అని చెప్పేవాడు. సంతకి వెళ్ళేవాళ్ళందరికీ ఆయన మాటే మాట. ఆ పాడు అలవాటు పోక, మనుషుల్నీ అలాగే చూసేవాడు.

ఆయనకి ఒక్కతే కూతురు, నూకాలు. మెల్లకన్ను, ఇరుకు నుదురు, నోరు ఎప్పుడూ కాస్త తెరుచుకునే ఉండేది. పురిట్లోనే తేల్చేశాడు మహానుభావుడు, దీనికి బుర్ర లేదని. ఆ పిల్లేమో పొద్దస్తమానం పశువుల మధ్యే తిరిగేది. వాటి జబ్బులన్నీ దానికి తెలుసు. నాన్న ఒక్కసారి మెచ్చుకుంటే చాలని దాని ఆశ.

ఒకసారి సోములు సంతలో ఎద్దుని కొనబోతుంటే, "నాన్నా, దానికి ఆయాసం ఉంది" అంది. "నీకేం తెలుసే" అని కొన్నాడు. అది మొదటి దుక్కిలోనే కూలబడి చచ్చిపోయింది. అప్పుడైనా బుద్ధొచ్చిందా? రాలేదు.

ఆ తర్వాత, "లేత జొన్న పశువులకి విషం, అందులోకి ఆవుని వదలకు నాన్నా" అంది. వదిలాడు. సాయంత్రానికి ఆవు లేదు. "నీ దిక్కుమాలిన మొహం చూసే పోయింది" అన్నాడు.

కొన్నాళ్ళకి సోములు కళ్ళకి పొర కమ్మి చూపు పోయింది. ఇంట్లో మిగిలింది ఒక్క చూడావు. అది ఈనలేక అరుస్తోంది. పశువులకి పురుడు పోసే పొరుగూరి ఆవిడకి కబురంపారు, ఆవిడ రాలేదు. అప్పుడు నూకాలు చేతికి నూనె రాసుకుని, లోపల మడతపడ్డ దూడ కాలు సరిచేసి, నెమ్మదిగా లాగింది. తెలిస్తే నాన్న చెయ్యి వెయ్యనివ్వడని నోరు మెదపలేదు. తల్లీ దూడా బతికాయి.

సోములు ఆవు మెడ పట్టుకుని ఏడ్చాడు. పొరుగూరి ఆవిడే వచ్చిందనుకుని చేతులు జోడించాడు. "నీలాంటి తెలివైన కూతుర్ని కన్న తండ్రి ఎంత అదృష్టవంతుడో తల్లీ. నాకూ ఉంది ఒకతి, ఏం లాభం" అన్నాడు.

పక్కనే ఉన్న నూకాలు తల్లి, అది మన పిల్లేనని చెప్పబోయింది. నూకాలు వద్దని చెయ్యి ఊపింది. ఎందుకంటావా? పుట్టి బుద్ధెరిగి నాన్న నోట విన్న మంచిమాట అదొక్కటే. తనేనని తెలిస్తే ఎక్కడ వెనక్కి తీసుకుంటాడోనని భయం, పిచ్చితల్లికి. గోడ చాటుకి వెళ్ళి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. సోములు పోయేదాకా ఆ పొరుగూరి ఆవిడకే దణ్ణాలు పెట్టుకున్నాడు.

కథ కంచికి దారి పట్టె,
అమ్మమ్మ కంట నీరు పెట్టె,
బుజ్జి కంటికి కునుకు పట్టె.