తుమ్మచెట్ల మీద పడిన నేరం

అనగనగనగా… ఊరు అందామా, రాజ్యం అందామా? రాజు ఉన్నాడు గనక రాజ్యమే అందాం. పేరు తుమ్మలకోట. కాళ్ళు ముడుచుకో పండూ, లల్లికి చోటు లేదు. ఆఁ, తుమ్మలకోటలో వరి పండదు, చెరకు పండదు. జొన్న పండుతుంది, సజ్జ పండుతుంది. మిగతా నేలంతా తుమ్మచెట్లే. నల్లటి మాను, తెల్లటి ముళ్ళు, సన్నటి ఆకు. చూడ్డానికేం బాగుండదు. మొండిగా బతుకుతుంది, అంతే.

ఆ రాజు పేరు ధీరమల్లు. యుద్ధాలకి పోయేవాడు కాదు, వేటకి పోయేవాడు కాదు. ఆయనకి ఒకటే పిచ్చి, చుక్కల దుప్పులు. పొద్దున లేచి మొహమైనా కడుక్కోకుండా మేడెక్కి, తుమ్మల్లో మేసే దుప్పుల్ని చూసుకునేవాట్ట. ఒకసారి తోడేలు వచ్చి దుప్పిపిల్లని ఎత్తుకుపోయింది. రాజు అన్నం ముట్టలేదు. వెంటనే పనివాళ్ళని పిలిపించి, తుమ్మతోపు చుట్టూ నిలువెత్తు రాతిగోడ కట్టించి, దుప్పులన్నిటినీ అందులోకి తోలించాడు. ఇంక తోడేలు రాదు, వేటగాడు రాడు, నా దుప్పులకి భయం లేదు అనుకున్నాట్ట. ఓబన్న అనే అతన్ని కాపలా పెట్టాడు.

ఈ ఓబన్నకి గోడ అవతలే జొన్నచేను ఉండేది. గోడ లేని రోజుల్లో దుప్పులు ఆ చేలో పడి కంకులు తినేసిపోయేవి. అప్పుడొకసారి ఓబన్న కడుపు మండి, ఈ దుప్పులు చస్తే గానీ నాకు నాలుగు గింజలు దక్కవని నలుగురిలో అన్నాడు. కోపంలో అన్న మాట. అన్నవాడు మర్చిపోయాడు, విన్నవాళ్ళు మర్చిపోలేదు.

ఊ కొడుతున్నారా? మీరు ఊ కొట్టకపోతే నేను ఎక్కడున్నానో నాకే తెలీదు.

వానలు పడ్డన్నాళ్ళూ గోడ లోపల గడ్డి ఉంది. దుప్పులు గడ్డి మేశాయి, గంతులేశాయి. ఒక ఏడు వాన మొహం చాటేసింది. గడ్డి ఎండింది, ఎండిన గడ్డి పొడైంది, పొడైన గడ్డి గాలికి పోయింది. ఇంక మిగిలింది తుమ్మాకు. దుప్పులు తుమ్మాకు మీద పడ్డాయి. కొన్నాళ్ళకి ఒక దుప్పి చచ్చింది. తర్వాత ఇంకోటి. పొద్దునొకటి, మాపొకటి. ఒంటి మీద గాయం లేదు. ఆకలితో పోయిందా అంటే, కడుపు కోసి చూస్తే నిండా ఆకే ఉంది. కడుపు నిండిన జంతువు ఎందుకు చస్తుంది?

దెయ్యం పట్టిందన్నారు. భూతవైద్యుడు వచ్చాడు. వేపమండలు ఊపాడు, సాంబ్రాణి వేశాడు, బలిసిన పొట్టేలొకటి పుచ్చుకుని వెళ్ళాడు. ఆ పొట్టేలు కూర బాగా కుదిరిందట గానీ, దుప్పులు చావడం మాత్రం ఆగలేదు.

అప్పుడెవరో ఓబన్న అన్న మాట తీసుకెళ్ళి రాజు చెవిన వేశారు. విషం పెట్టింది వీడే అన్నారు. రాజుకి అసలే దుఃఖం. దుఃఖంలో ఉన్నవాడికి ఎవరో ఒకరి మీద కోపం కావాలి. ఓబన్నని చెరలో వేయించి, జాతర వెళ్ళగానే ఉరి అని చాటింపు వేయించాడు.

ఓబన్న పెళ్ళాం పేరు సుంకులమ్మ. ఆవిడ రాజు దగ్గరికి పోలేదు, రాజుగారి కోడలు మాణిక్యాంబ దగ్గరికి పోయింది. మాణిక్యాంబ మొగుడు సరిహద్దు కోటలో ఉండేవాడు. మామగారికి అన్నం వడ్డించేదీ, మందు నూరి ఇచ్చేదీ ఈ కోడలే. సుంకులమ్మ పెరటి గుమ్మంలో కూర్చుని అంది:

"అమ్మా, మా ఆయనకి నోటి దురుసే గానీ చేతి దురుసు లేదు."

మాణిక్యాంబ అయ్యో పాపం అనలేదు. అలా అనే మనిషి కాదు. "నీ మొగుడు చేశాడో లేదో నాకు తెలీదు సుంకులమ్మా. చూడకుండా మాటివ్వలేను. చూసొచ్చి చెప్తాను, పద, నువ్వూ రా" అంది.

ఇద్దరూ గోడ లోపలికి వెళ్ళి ఒక చెట్టు నీడన కూర్చున్నారు. పొద్దెక్కేదాకా కూర్చున్నారు, పొద్దు వాలేదాకా కూర్చున్నారు. మాణిక్యాంబ ఏం చూసిందీ? ఒక దుప్పి చెట్టు దగ్గరికొచ్చింది, వాసన చూసింది, మొహం తిప్పుకుంది. పక్క చెట్టుకి పోయింది, వాసన చూసింది, మొహం తిప్పుకుంది. గోడదాకా పోయింది, గోడ వెంబడే తిరిగింది, మళ్ళీ మొదటి చెట్టుకే వచ్చింది. ఇంక ఆకలికి ఆగలేక, కళ్ళు మూసుకుని మందు మింగినట్టు ఆ ఆకే మింగింది.

మాణిక్యాంబ లేచి ఆ కొమ్మ ఆకు దూసి నోట్లో వేసుకుంది. వెంటనే ఉమ్మేసింది. వగరు. పచ్చి అరటికాయ కొరికితే నాలుక మొద్దుబారుతుంది చూడు, అంతకు పదింతలు వగరు.

"తుమ్మాకు ఎప్పుడూ ఇంతేనా?" అని అడిగింది.

"ఇంత ఉండదమ్మా, మా మేకలు తింటాయిగా" అంది సుంకులమ్మ. "గోడ లేనప్పుడు ఈ దుప్పులూ తినేవి. కానీ ఒక చెట్టు కాడ నిలబడి మేసింది నేను చూళ్ళేదు. నాలుగు కొరుకులు కొరికి, గాలికెదురు నడుచుకుంటా ఇంకో చెట్టుకి పోయేవి."

గాలికెదురు ఎందుకు? ఆ సంగతి సుంకులమ్మకీ తెలీదు, మాణిక్యాంబకీ తెలీదు. మర్నాడు ఇద్దరూ గోడ బయట, ఏ జంతువూ మెయ్యని తుమ్మల దగ్గరికి పోయారు. అక్కడి ఆకు నమిలితే వగరు కొంచెమే. మాణిక్యాంబ ఒక చెట్టుని ఎంచుకుని, దుప్పులు మేసినట్టే కొమ్మ కొమ్మకీ ఆకు దూసింది, చివుళ్ళు తుంచింది. వేళ్ళకి ముళ్ళు గుచ్చుకుని నెత్తురొచ్చింది. కాసేపు ఆగి అదే చెట్టు ఆకు నమిలింది. వగరెక్కింది. గాలి పోయే వైపున్న పక్క చెట్టుకి వెళ్ళింది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. నమిలితే అదీ వగరెక్కింది. గాలి వచ్చే వైపున్న చెట్టుకి వెళ్ళింది. అది ఎప్పటిలాగే ఉంది.

ఏం జరిగిందో తెలిసిందా? నన్ను మేస్తున్నారని ఈ చెట్టు ఆ చెట్టుకి, ఆ చెట్టు పక్క చెట్టుకి, పక్క చెట్టు చివరి చెట్టుకి గాలి మీద కబురు పంపింది. కబురందిన చెట్టల్లా ఆకు వగరు చేసుకుంది. గాలికెదురు పోతే కబురందని చెట్లుంటాయి. ఆ సంగతి దుప్పులకి తెలుసు. గోడ లోపల ఎటుపోయినా కబురందిన చెట్లే. ఆ వగరాకు తింటే అరగదు. అరగని ఆకు కడుపులో పేరుకుని దుప్పి పోయింది.

మాణిక్యాంబ మామగారిని తోపుకి పిలుచుకొచ్చి, లోపలి ఆకూ బయటి ఆకూ చేతికిచ్చింది. రాజు రెండూ నమిలాడు. పాపం, ఆ పూట ఆయన నోటికి పాయసం కూడా రుచించలేదట. ఆవిడ జరిగిందంతా విడమర్చి చెప్పింది. రాజు ఆలోచించి ఒక చిక్కుముడి వేశాడు.

"అమ్మా, ఈ చెట్టుకి బుద్ధి ఉందంటావా, లేదంటావా? ఉందంటే, తెలిసి చంపినట్టే. అన్నిటినీ నరికించేస్తాను. లేదంటే, బుద్ధి లేని మాను కబుర్లు పంపడమేమిటి? అదంతా నీ భ్రమ. అప్పుడు విషం పెట్టింది ఓబన్నే."

చూశారా ఎంత చిక్కో. ఉందంటే చెట్టు పోతుంది. చెట్లు పోతే మిగిలిన దుప్పులకి ఆ ఆకూ ఉండదు, ఊళ్ళో నాగలికి కర్రా ఉండదు. లేదంటే మనిషి పోతాడు. మాణిక్యాంబ తొందరపడలేదు. చేతిలో మిగిలిన ఆకు కింద పడేసి అంది:

"దానికి బుద్ధి ఉందో లేదో నాకు తెలీదు మామయ్యగారూ. కాళ్ళు లేవని మాత్రం తెలుసు. మీదపడి మేస్తుంటే పారిపోలేదు గనక ఉన్నచోటే తనకి చేతనైంది చేసుకుంది. దుప్పికి కాళ్ళున్నాయి. వగరుగా ఉంటే ఇంకో చెట్టుకి పోతుంది. ఎప్పుడూ అలాగే పోయేది. ఇప్పుడెందుకు పోలేకపోయింది?"

రాజు తలెత్తి చూశాడు. ఎటు చూసినా గోడ.

"గోడ కట్టించింది నేను" అన్నాడు.

రాజు అక్కడే ఒక రాయి మీద కూర్చున్నాడు. ఒక దుప్పి వచ్చి ఆయన ఉత్తరీయం అంచు నమలడం మొదలుపెట్టింది, అంత ఆకలి దానికి. రాజు నమలనిచ్చాడు. అప్పుడు ఏడ్చాట్ట. పెద్దగా కాదు.

తర్వాత భటులని పంపకుండా తనే చెరకి నడిచిపోయి తలుపు తీయించాడు. తప్పైపోయింది ఓబన్నా, ఏం కావాలో అడుగు అన్నాడు. ఓబన్నకి కోపం పోలేదు. ఎందుకు పోతుంది, ఉరి దాకా వెళ్ళొచ్చినవాడికి?

"నాకేమీ వద్దు దొరా. ఆ గోడ కూలగొట్టే పని ఇవ్వండి చాలు" అన్నాడు.

గునపం ఓబన్న పట్టుకున్నాడు, రాళ్ళు రాజు అందుకున్నాడు. రాజుని చూసి ఊరంతా వచ్చింది. గోడ పడగానే దుప్పులు ఒక్క క్షణం బెదిరి నిలబడ్డాయి. తర్వాత మూతులెత్తి గాలి పీల్చి, గాలికెదురు వెళ్ళిపోయాయి. ఇక్కడ నాలుగు కొరుకులు, అక్కడ నాలుగు కొరుకులు. ఆ తర్వాత ఒక్కటీ కడుపు నిండి చావలేదు.

మరి ఓబన్న చేను మళ్ళీ తినేస్తాయి కదా అని నువ్వడుగుతావని నాకు తెలుసు లల్లీ. ఆ సంగతి సుంకులమ్మకీ గుర్తొచ్చింది. ఆవిడే చెప్పింది, ఆ రాళ్ళు మోసుకొచ్చి చేల చుట్టూ పేర్చండని. అలా దుప్పుల చుట్టూ ఉన్న గోడ జొన్న చుట్టూ వచ్చింది. అప్పుడప్పుడూ తోడేలు వచ్చేది, ఒక దుప్పిని పట్టుకుపోయేది. రాజు ఆ పూట అన్నం తక్కువ తినేవాడు, కానీ తినేవాడు. ఏడు తిరక్కుండా వాన పడింది. అందరూ బాగున్నారు.

ఏంటి పండూ, ఇంతకీ చెట్టుకి బుద్ధి ఉన్నట్టా లేనట్టా? ముసలితనంలో రాజు కూడా కోడల్ని అదే అడిగాట్ట. ఇంకా తేలలేదు మామయ్యగారూ, మందు చల్లారిపోతోంది తాగండి అందట. నాకూ తేలలేదు. ఒకటి మాత్రం చెప్తాను. ముద్దొస్తోంది కదా అని దేన్నీ గోడలో పెట్టకండి. బుద్ధి ఉందో లేదో తెలీని దాని మీద గొడ్డలి ఎత్తకండి, మనిషైనా సరే, మానైనా సరే.

కథ కంచి బాట పట్టింది. మీరు దుప్పట్లోకి దూరండి.