పెద్దాయన పట్టుకెళ్ళిన కోడె

అనగా అనగా, మీరు ఊఁ కొట్టగా కొట్టగా, ఒక రాజ్యం. దాని పేరు నాకు చెప్పినవాళ్ళు సరిగ్గా చెప్పలేదు, నేను సరిగ్గా వినలేదు, కాబట్టి తప్పు చెరిసగం. ఈ కథలో పశువులు చాలా వస్తాయి. పశువుల గురించి నాకు సొంతంగా తెలిసింది ఒక్కటే, వాటి వెనక నిలబడకూడదని. అదీ నిలబడ్డాకే తెలిసింది. మిగతాదంతా విన్న మాట.

ఆ రాజ్యంలో ఒక కొండ, కొండ మీద అడవి. అడవి అంచున పైగూడెం. అక్కడ ఆవుల మందలు మేపుకునేవాళ్ళు ఉండేవారు. కొండ కింద దిగువూరు. అక్కడ జొన్నా కందీ పండించే రైతులు ఉండేవారు. పైవాళ్ళ పెంట కిందికి పోయేది, కిందివాళ్ళ చొప్ప పైకి వచ్చేది. మధ్యలో మాటలు మాత్రం ఎటూ పోయేవి కావు.

పైగూడెంలో కాటమయ్య అనే మందకాపు ఉండేవాడు. అతనికి ఒక మోస్తరు మంద, దానికో విత్తనపు కోడె, అంకమ్మ అనే భార్య, మందకు మించిన అభిప్రాయాలు ఉండేవి.

రైతులు కంచె వేసేది పంట కోసం కాదు, పక్కవాడి మీద కోపం కొద్దీ అనేవాడు. జింక చేలో పడితే ఆహా ఎంత ముద్దుగా ఉందో అంటారు, అదే చేలో మా ఆవు పడితే బందెలదొడ్డికి తోలతారు, కళ్ళు పెద్దవైతే తప్పు చిన్నదవుతుంది కాబోలు అనేవాడు. చట్టాలు రాసేవాళ్ళు నీడన కూర్చుని రాస్తారు, అందుకే వాటికి ఎండ తగలగానే కళ్ళు తిరుగుతాయి అనేవాడు. అవి ఆవులకు చెప్పకు, పాలు విరుగుతాయి అనేది అంకమ్మ.

పైగూడెం వాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. అడవిలో చారల ఒంటితో తిరిగే దాన్ని వాళ్ళు పేరుపెట్టి అనరు. పేరు పలికితే పిలిచినట్టే. పిలిస్తే వస్తాడు. ఇంటికి వచ్చినవాడికి ఏదో ఒకటి పెట్టాలి. అందుకని వాళ్ళు ఆయన్ని 'పెద్దాయన' అనేవారు. నిన్న పెద్దాయన వాగు దాకా వచ్చాడట అంటే చాలు, చంటిపిల్లలు కూడా నోరు మూసేవారు. ఈ సంగతి దిగువూళ్ళో ఎవరికీ తెలియదు. వాళ్ళు అడగలేదు, వీళ్ళు చెప్పలేదు.

ఆ రాజ్యాన్ని మృగేంద్రవర్మ మహారాజు ఏలేవాడు. ఆయన జెండా మీద పులి బొమ్మ ఉండేది. ఒకనాడు ఆయన దండోరా వేయించాడు. పులిని ఎవరూ చంపకూడదు. పులి నోట పడ్డ పశువుకు బదులు పశువును రాచమందలోంచి ఇస్తాం. ఇది విని కాటమయ్య బాగా ఆలోచించాడు. ఎంత వెతికినా తప్పు దొరకలేదు. ఆ రోజంతా దిగులుగా ఉన్నాడు.

మర్నాడు మంత్రి నయసాగరుడు ఆ చట్టానికి ఒక తోక తగిలించాడు. నష్టపోయినవాడు ముందు గ్రామపెద్దకు, తరువాత అడవుల అధికారికి, ఆపైన రాజసభకు విన్నవించుకోవాలి. సభలో 'పులి, పులి, పులి' అని ముమ్మారు స్పష్టంగా పలకాలి. నక్క తిన్నవాటికి కూడా బదులు అడుగుతారేమోనని ఈ ఏర్పాటు అన్నాడు మంత్రి. తోక సంగతి విన్నాక కాటమయ్య ముఖం విప్పారింది.

ఏళ్ళు గడిచాయి. పైగూడెం నుంచి ఒక్కరూ సభకు రాలేదు. మన పులులు ఎంత మర్యాదస్తులో చూశారా అని రాజు మురిసిపోయేవాడు.

ఒక వేసవిలో కాటమయ్య కోడె పోయింది.

వాగు ఒడ్డున ఈడ్చిన జాడ ఉంది. జాడ పక్కన మెత్తని పెద్ద అడుగులు ఉన్నాయి. కాటమయ్య వాటిని చూసి తలపాగా తీసి కూర్చున్నాడు. ఆవు పోతే ఒక ఆవు పోయినట్టు. కోడె పోతే రాబోయే దూడలన్నీ పోయినట్టు. తొలకరి పడితే ఆవులు ఎదకు వస్తాయి. అప్పటికి మందలో కోడె లేకపోతే వచ్చే ఏడు దూడలుండవు, దూడలు లేనిదే పాలుండవు, ఆ పై ఏడు మందే ఉండదు. అప్పుడు కాటమయ్య దిగువూరు దిగి, ఎవరి కంచెనైతే వెక్కిరించాడో ఆ రైతు దగ్గరే పాలేరుగా చేరాలి.

సభకు పోయి ఆ మాట మూడుసార్లు అనేస్తే పోలా అంది అంకమ్మ.

"అయితే నువ్వు అను" అన్నాడు కాటమయ్య.

"నేనెందుకంటానయ్యా, పిల్లలున్న ఇల్లు" అంది అంకమ్మ.

కాటమయ్య కర్ర పట్టుకుని కొండ దిగాడు.

దిగువూరి గ్రామపెద్ద అరుగు మీద కూర్చుని నలుగురు రైతులతో వక్కలు నములుతున్నాడు. ఊళ్ళో అందరూ ఆయన్ని పెద్దాయన అనే అంటారు.

"ఏం కాటమయ్యా, కొండ దిగావు?"

"మా కోడె పోయిందయ్యా."

"ఎవరు పట్టుకెళ్ళారు?"

"పెద్దాయన."

రైతులు నమలడం ఆపారు. గ్రామపెద్ద వక్క మింగేశాడు.

"ఏ పెద్దాయనరా?"

"మన చుట్టుపక్కల ఉన్నది ఒక్కరే కదయ్యా. మీకు తెలియనిదేముంది. మెడ పట్టుకుని ఈడ్చుకుపోయాడు. అడుగులు చూశాను. వాటిని నేను గుర్తుపట్టలేనా?"

గ్రామపెద్ద తన కాళ్ళను పంచె కిందికి లాక్కున్నాడు. ఈ మాట ఇంకెవరికైనా చెప్పావా అని మెల్లగా అడిగాడు. రేపు అడవుల అధికారికి చెప్పుకుంటానని కాటమయ్య వచ్చేశాడు.

పొద్దు వాలేలోగా గ్రామపెద్ద జీతగాడు ఒక ఎర్రకోడెను తోలుకొచ్చి కాటమయ్య దొడ్లో కట్టాడు. పెద్దాయన ఇచ్చిరమ్మన్నాడు, ఇక ఆ సంగతి ఎక్కడా ఎత్తవద్దన్నాడు అని చెప్పి వెళ్ళాడు. అంకమ్మ దిష్టి తీయడానికి ఎండుమిరపకాయలు తెచ్చింది. కాటమయ్య కోడె చుట్టూ తిరిగి దాని తొడ మీద చెయ్యి పెట్టాడు. అక్కడ చంద్రవంక ఆకారంలో వాత ఉంది.

"ఇది అవతలి గట్టు తిరుమలవ్వది. పోయిన వానాకాలం తప్పిపోయిందని ఏడ్చింది చూడు, అది."

"మనకు కోడె లేదు. ఇది అవ్వదని ఇప్పుడెవరికి తెలుసు?" అంది అంకమ్మ.

"కోడెకు తెలుసు" అన్నాడు కాటమయ్య.

అంకమ్మ మిరపకాయలు లోపల పెట్టేసింది. తెల్లవారి అతను దారిలో ఆ కోడెను తిరుమలవ్వ గుమ్మానికి కట్టి, అడవుల అధికారి దగ్గరికి నడిచాడు.

అడవుల అధికారి అడవిలోకి ఎప్పుడూ వెళ్ళలేదు. అక్కడ ముళ్ళుంటాయని ఆయనకు నమ్మకమైన సమాచారం ఉంది. ఆయన బందెలదొడ్డిలోకి పశువులు వెళ్ళడం చాలామంది చూశారు, బయటికి రావడం మాత్రం ఎవరూ చూడలేదు. ఆయన భటులు వెనకాల ఆయన్ని పెద్దాయన అంటారు.

మజ్జిగ తాగుతూ ఏమైందని ఆయన అడిగాడు. కోడెను పెద్దాయన పట్టుకెళ్ళాడని కాటమయ్య చెప్పాడు. గుమ్మం దగ్గర భటుడు దగ్గాడు. అధికారి లేచి తలుపు వేశాడు.

"పట్టుకెళ్ళి ఏం చేశాడంటావు?"

"తిన్నాడు దొరా."

మజ్జిగ తాగుతున్న అధికారికి పొలమారింది. "ఎంత తిన్నాడు?"

"మొత్తం. నేను తప్పు పట్టను దొరా. ఆయన అలవాటే అంత, అడవి ఆయనది. కాకపోతే తినేదేదో అందరి దగ్గరా కాస్త కాస్త తింటే బాగుండేది. ఒక్కడి దగ్గరే తింటే వాడెలా బతుకుతాడు?"

ఈ మాటల్లో కాటమయ్య ఏం చెప్పాలనుకున్నాడో, అధికారికి ఏం వినిపించిందో మీరే ఊహించుకోండి. రాజధాని దూరం, ఎండ ఎక్కువ, అంత శ్రమ దేనికి అంటూ అధికారి తానే వెళ్ళి బందెలదొడ్డి వెనక తలుపు తీసి ఒక తెల్లకోడెను అప్పగించాడు. గంగడోలు నేలను ఊడుస్తోంది, మూపురం గుమ్మటంలా ఉంది. దాని చెవి రెండుగా చీల్చి ఉంది. ఉత్తరపు కొండవాళ్ళు తమ పశువులకు పెట్టుకునే గుర్తు అది.

కాటమయ్య పలుపు పట్టుకుని దారి చీలిక దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. ఒక దారి ఇంటికి పోతుంది. రెండోది ఉత్తరపు కొండకు. ఆకాశంలో అప్పుడే చిన్న మబ్బు తునక కనిపిస్తోంది. తొలకరికి ఎక్కువ రోజుల్లేవు. అతని చోట నేనుంటే ఏ దారి పట్టేవాడినో నన్ను అడగకండి. ఇది నీతి కథ, నా కథ కాదు.

కాటమయ్య ఉత్తరపు కొండకు పోయాడు. కోడెను అప్పగించి, ఒట్టి పలుపు భుజాన వేసుకుని రాజధాని చేరాడు.

సభ నిండుగా ఉంది. మహారాజు పక్కన మంత్రి నయసాగరుడు కూర్చున్నాడు. మంత్రి వయసులో పెద్ద. అందుచేత మహారాజే ఆయన్ని ముద్దుగా పెద్దాయనా అని పిలిచేవాడు.

"ఏం కావాలి?" అన్నాడు రాజు.

"ఏలినవారు మాటిచ్చిన కోడె, ప్రభూ. నా కోడె పోయింది."

"ఎవరు పట్టుకెళ్ళారు?"

"పెద్దాయన."

సభ అంతా మంత్రి వైపు తిరిగింది. రాజు కూడా తిరిగాడు.  ఊరికే చూశాడు, అంతే. ఆ చూపుకే మంత్రి లేచి నిలబడ్డాడు. నిలబడ్డవాడు రాజు ముందు మోకాళ్ళ మీద పడ్డాడు.

"మొదట ఒక్క ఆవే ప్రభూ" అన్నాడు. "పాలు బాగున్నాయి. తరువాత దానికి తోడు లేదని ఇంకొకటి. అలా అలా."

రాజుకు అర్థం కాలేదు. అడగ్గా అడగ్గా తేలిందేమిటంటే, రాచమంద దొడ్డి ఎప్పుడో ఖాళీ అయింది. మందంతా మంత్రిగారి తోటలో మేస్తోంది. బదులు అడగడానికి వస్తే ఇవ్వడానికి పశువు లేదు. కొండవాళ్ళు ఆ పేరు పలకరని సభలో మంత్రికి ఒక్కడికే తెలుసు, దానికి బదులు ఏమంటారో మాత్రం తెలియదు. అందుకే ముమ్మారు పలకాలన్న తోక పెట్టాడు. తోక పెట్టినన్నాళ్ళూ హాయిగా నిద్రపోయాడు.

 రాజు కాటమయ్యను అడిగాడు.

"అయితే నీ కోడెను పట్టుకెళ్ళింది మా మంత్రేనా?"

"అయ్యో కాదు ప్రభూ. ఈయన్ని నేను చూడడం ఇదే మొదలు. మా పెద్దాయన వేరు. ఒంటినిండా చారలుంటాయి."

"పులా!" అన్నాడు రాజు.

కాటమయ్య గబుక్కున ఒక అడుగు వెనక్కి వేసి ద్వారం వైపు చూశాడు. అతన్ని చూసి భటులు చూశారు. భటులను చూసి సభ చూసింది.

"ఏదీ, రాలేదే" అన్నాడు రాజు.

"కొండ దూరం కదా ప్రభూ. బయలుదేరి ఉంటాడు."

ఆ సాయంత్రం కోట తలుపులు కాస్త ముందుగానే మూశారని చెప్పుకుంటారు.

దారిలో ఇద్దరు రెండు కోడెలిచ్చిన సంగతి, అతను వాటిని అసలు వాళ్ళకు చేర్చిన సంగతి మాటల మధ్య తెలిసి రాజు ఆశ్చర్యపోయాడు. ఒకటి ఉంచుకుంటే ఇంత దూరం నడిచే పని లేకపోయేది కదా అన్నాడు.

"ఉంచుకోవచ్చు ప్రభూ. కానీ దూడలు తండ్రి పోలికతో పుడతాయి. తిరుమలవ్వ మా దొడ్డి మీదుగా పోయిన ప్రతిసారీ వాటి ముఖాలు చూస్తుంది. అప్పుడు నా ముఖం నేనెక్కడ పెట్టుకోను?"

అప్పుడు రాజు ఒక పొరపాటు చేశాడు. పులుల మీద, రైతుల మీద, చట్టాల మీద నీ అభిప్రాయమేమిటి అని కాటమయ్యను అడిగాడు. కాటమయ్యను ఆ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదు. సభ ముగిసేసరికి దీపాలు పెట్టే వేళైంది. కంచెల గురించి, జింకల కళ్ళ గురించి అతను చెప్పినదంతా నేను చెప్పను, మీకు నిద్రొస్తుంది. చివర అన్నది మాత్రం ఇది:

"పెద్దాయన్ని చంపమని నేనడగను ప్రభూ. ఆయన లేకపోతే అడవిపందులు దిగువూరి చేలను ఒక్క పంటకాలంలో దున్నేస్తాయి. రైతు మునిగితే మా పశువులకు చొప్ప ఉండదు. ఆయన కాపలాకు కూలి ఒక పశువు. అది న్యాయమే. ఆ కూలి నా ఒక్కడి దొడ్లోంచే పోతోంది, అదీ నా బాధ. కాపలా రాజ్యానిదైనప్పుడు కూలి కూడా రాజ్యానిదే కావాలి. ఇక పేరంటారా, ఏ పేరుతో చెప్పుకున్నా పోయిన కోడె పోయిందే కదా."

రాజు ఆ రోజే చట్టం తోక కత్తిరించాడు. నష్టపోయినవాడు తనకు అలవాటైన మాటతోనే చెప్పుకోవచ్చు, వినేవాడే వాళ్ళ మాట నేర్చుకోవాలి అన్నాడు. గ్రామపెద్ద, అడవుల అధికారి తమ దొడ్లలోని పరాయి పశువులన్నిటినీ తిప్పి ఇచ్చేశారు. నయసాగరుడికి రాచమందను మేపే పని ఇచ్చారు. మంద వెనక నిలబడకూడదని ఆయనకూ మొదటి రోజే తెలిసింది.

కాటమయ్య రాచమందలోంచి ఒక కోడెను ఎంచుకుని, వాత ఎవరిదో ఒకటికి రెండుసార్లు చూసుకుని, ఇంటికి తోలుకొచ్చాడు. అంకమ్మ మిరపకాయలు మళ్ళీ బయటికి తీసింది. తొలకరి రెండు రోజులు ఆలస్యంగా పడింది. మరుసటి ఏడు దొడ్డి నిండా దూడలు. తిరుమలవ్వ అటుగా పోతూ వాటి ముఖాలు చూసి, రాజుగారి పోలికే అంటూ నవ్వుకుంటూ పోయేది. పెద్దాయన మాత్రం ఇప్పటికీ వాగు దాకా వచ్చి పోతున్నాడట.

మా ఇంట్లో దీపం కొండెక్కింది, కథ కొండ దిగింది, ఇక మీరు మంచమెక్కండి. ఎక్కేముందు ఇది గుర్తుంచుకోండి: పరాయి సొమ్ము తిన్నవాడికి ఏ మాట విన్నా తన పేరే వినిపిస్తుంది; పరాయి సొమ్ము తిప్పి ఇచ్చినవాడి మాటకు రాజు కూడా చెవి ఒగ్గుతాడు.