వెళ్ళొస్తానన్న గొంతు

గవర్రాజు తన గొంతు పోయిందని గురువుకి చెప్పుకోవడానికి ఏరు దాటి వెళ్ళాడు. ఇబ్బంది ఏమిటంటే, ఆ ముక్క చెప్పడానికి కూడా అతనికి చచ్చిపోయిన మనిషి గొంతే దొరికింది.

"మాస్టారూ, నేను గవర్రాజుని," అన్నాడు గుమ్మంలో నిలబడి.

కూర్మయ్య మాస్టారు కళ్ళజోడు సవరించుకుని చూశారు. మనిషి గవర్రాజే. గొంతు మాత్రం వయసు మళ్ళినది. కొంచెం గరగరగా, కునుకు తీసి లేచిన మనిషి మాట్లాడినట్టు ఉంది.

"కూర్చో," అన్నారాయన.

ఎవరిని కూర్చోమన్నారో తోడు వెళ్ళిన కరుణాకరంగారికి అర్థం కాలేదట. కరుణాకరంగారు మా పార్కు కమిటీ కార్యదర్శి. అక్కడ జరిగినదంతా తిరిగొచ్చాక ఆయనే మాకు చెప్పారు. ఆయన చెప్పినదాంట్లో సగం తీసేస్తే నిజం మిగులుతుంది కనక, సగం తీసేసే చెప్తున్నాను.

మిమిక్రీలో గవర్రాజుకి గురువు కూర్మయ్య మాస్టారే. ఆయన వయసులో ఉండగా ఒక పెళ్ళిలో రైలు కూత కూస్తే, మగపెళ్ళివారు సామాన్లు నెత్తిన పెట్టుకుని పందిట్లోంచి పరుగెత్తారని చెప్పుకుంటారు. ఇప్పుడు నోరు విప్పడం బాగా తగ్గించేశారు.

గవర్రాజు ఆయన దగ్గర అన్నీ నేర్చుకున్నాడు, ఆ తగ్గించడం తప్ప. పాల కేంద్రంలో పాలవాడి గొంతుతో పాలు అడిగేవాడు. బ్యాంకులో మేనేజరు గొంతుతో మేనేజరునే పలకరించేవాడు. పెళ్ళిచూపుల్లో ఒక సినిమా హీరో గొంతుతో మాట్లాడాడు. నీలవేణి ఆ గొంతు చూసే ఒప్పుకుంది. కాపురానికి వచ్చాక కూడా ఆ గొంతే ఉంచమంది, ఉంచాడు.

ఈ ఎండాకాలం కరుణాకరంగారు పార్కులో పిల్లలకీ పెద్దలకీ కలిపి వేసవి కార్యక్రమాలు పెట్టారు. ఖాళీగా ఉంటే ఊరు పాడైపోతుందని ఆయన భయం. పొద్దున్నే మొక్కలతో పరిచయం. చెట్లకి పేర్ల బోర్డులు కట్టించారు. కానుగ చెట్టుకి వేప అని కట్టారు, ఆ చెట్టు ఏమీ అనుకోలేదు. తర్వాత ఆవకాయ పెట్టడంలో శిక్షణ. నేర్పే ఆవిడ ఇంట్లో ఊరగాయ వాళ్ళ పుట్టింటి నుంచి వస్తుందని ఊరంతటికీ తెలుసు, అయినా అందరూ శ్రద్ధగా విన్నారు. ఎండ తగ్గాక, జారుడుబల్ల మీద చెయ్యి వేస్తే కాలకుండా ఉండే వేళకి, గవర్రాజు మిమిక్రీ. ఇంటిల్లిపాదీ చాపలు తెచ్చుకుని, తాటి ముంజలు తింటూ, మెడ విరిగిన సిమెంటు జిరాఫీ చుట్టూ కూర్చునేవారు.

రోజూ పిల్లలకి కోకిలలూ మేకలూ నేర్పి, చివర్లో ఊళ్ళోవాళ్ళ గొంతులు చేసేవాడు. ఎవరి గొంతు చేస్తే వాళ్ళు తప్ప మిగతా అందరూ నవ్వేవారు.

ఒక సాయంత్రం సన్యాసినాయుడి గొంతు చేశాడు. సన్యాసినాయుడు ఆటోకి మైకు కట్టుకుని కుళాయి నీళ్ళు ఎప్పుడొస్తాయో, ఎవరి దూడ తప్పిపోయిందో ఊరంతా చెప్పేవాడు. చలికాలంలో పోయాడు. ఆ మైకు గొంతు వినపడగానే జనం నవ్వారు. నవ్వి, మధ్యలో ఆపేశారు. ముందు వరసలో సన్యాసినాయుడి భార్య పైడమ్మ కూర్చుని ఉంది.

పైడమ్మ లేచి నిలబడింది. కోప్పడుతుందని అనుకున్నాం. పార్కులో ఆడవాళ్ళు అప్పటికే ముందుకి జరిగారు, బాగా వినపడుతుందని.

"అది బయటి గొంతు బాబూ," అంది పైడమ్మ. "అది అందరూ విన్నదే. ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడు."

ఇంట్లో సన్యాసినాయుడు ఎలా మాట్లాడేవాడో గవర్రాజుకి తెలీదు. పైడమ్మకి తప్ప ఎవరికీ తెలీదు. తెలీదని చెప్పడం అతని నోట ఎన్నడూ పలకని గొంతు. కళ్ళు మూసుకున్నాడు. మైకు గొంతులోంచి బిగువు తీశాడు. కాస్త కిందికి దించాడు. ఇంకాస్త దించాడు.

"పైడీ," అన్నాడు.

పైడమ్మ చాప మీద కూలబడింది.

"మోటారు ఆపావా?"

"ఆపానండీ," అంది.

ఆ తర్వాత వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారు. పెద్ద సంగతులేం కావు. దొడ్లో మునగచెట్టు గురించి, ఎక్కడో పెట్టి మరిచిపోయిన కత్తిపీట గురించి. కత్తిపీట అటక మీద ఉందన్నాడు. మర్నాడు పైడమ్మ అటక ఎక్కి చూస్తే ఉంది. కత్తిపీటలు మామూలుగా అటక మీదే ఉంటాయని మేము ఒకరికొకరం చెప్పుకున్నాం. చెప్పుకుంటున్నప్పుడు ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.

మర్నాడు సాయంత్రం గవర్రాజు పిల్లల్ని గుండ్రంగా కూర్చోమన్నాడు. ఆ మాట సన్యాసినాయుడి ఇంటి గొంతుతో వచ్చింది. గొంతు సవరించుకుని మళ్ళీ అన్నాడు. మళ్ళీ అదే వచ్చింది. పిల్లలు నవ్వారు. అతను నవ్వబోయాడు, నవ్వు కూడా సన్యాసినాయుడిదే వచ్చింది.

అక్కణ్ణుంచి అంతే. కోకిల రాలేదు, మేక రాలేదు, సినిమా హీరో రాలేదు. నీలవేణి నాలుగు మాటలు విని పడకగది తలుపు వేసుకుంది. "ఆ ముసలాయన్ని బయట పడుకోమనండి," అంది లోపల్నుంచి. ఎవరితో అందో ఆవిడకే తెలియాలి. వరండాలో పడుకున్నాడు. తన పేరు తను పలికి చూసుకునేవాడట. పక్కింటాయన తనని పిలుస్తున్నట్టు ఉండేదట.

పార్కుకి మాత్రం జనం పెరిగారు. పైడమ్మ రోజూ ముందు వరసలో కూర్చునేది. వంకాయ కూర వండి తెచ్చేది, సన్యాసినాయుడికి ఇష్టం. గవర్రాజుకి వంకాయ పడదు, ఒళ్ళంతా దురద. తిని, చేతులు ఎర్రగా గోక్కుంటూనే, ఇంకొంచెం వెయ్యి పైడీ అనేవాడు. అంత ఆప్యాయంగా అడిగి తినే మొగుడు బతికున్నవాళ్ళలో ఎవరికీ లేడని మా ఆడవాళ్ళు ఇళ్ళకి వెళ్ళి చెప్పారు. కరుణాకరంగారు కార్యక్రమాన్ని వానలు పడేదాకా పొడిగిద్దామన్నారు. గవర్రాజు పుల్లలా సన్నబడ్డాక గానీ ఆయనకి భయం వెయ్యలేదు. అప్పుడు వెంటబెట్టుకుని ఏరు దాటించారు.

ఇదంతా విని కూర్మయ్య మాస్టారు ఒకటే అడిగారు.

"మొదటిరోజు వెళ్ళేటప్పుడు ఏమన్నాడు?"

"ఎవరు మాస్టారూ?"

"నీ నోట్లోంచి మాట్లాడినాయన. లేచేముందు ఏమన్నాడు?"

"ఏముంది, అందరూ అనేదే. మరి వెళ్ళొస్తాను పైడీ అన్నాను."

"ఆవిడ?"

"వెళ్ళిరండి అంది."

మాస్టారు చెంబు ఎత్తి నీళ్ళు తాగారు.

"మరి వస్తున్నాడు. ఆయన తప్పేముంది?"

మా వైపు గడప దాటే మనిషి వెళ్తాను అనడు. వెళ్ళొస్తాను అంటాడు. ఇంట్లోవాళ్ళు కూడా వెళ్ళు అనరు, వెళ్ళిరా అంటారు. పాడె మీద మనిషి ఏమీ అనలేడు కనక ఇన్నాళ్ళూ సరిపోయింది.

"అయితే నేనే పొమ్మంటాను," అన్నాడు గవర్రాజు.

"అను."

"వెళ్ళిపో," అన్నాడు. ఆ మాట కూడా సన్యాసినాయుడే అన్నాడు. తనని తను పొమ్మని, పోకుండా అక్కడే కూర్చున్నాడు.

గవర్రాజు రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. "అనుకరణలో నన్ను మించినవాడు లేడనుకున్నాను మాస్టారూ. మీరు కూడా చచ్చినవాడి ఇంటి గొంతు పట్టలేరనుకున్నాను. నాకేమీ వద్దు. మా ఆవిణ్ణి ఒక్కసారి నా గొంతుతో పిలిస్తే చాలు."

మాస్టారు లేచారు. చొక్కా తొడుక్కుని, చెప్పులు వెతుక్కున్నారు.

ఆ సాయంత్రం వాళ్ళతోపాటే పార్కుకి వచ్చారు. కరుణాకరంగారు ఆయన్ని సభకి పరిచయం చేద్దామని మొదలుపెట్టి, తన గురించి చెప్పుకోవడంలో పడ్డారు. ఆ సందులో మాస్టారు వెళ్ళి పైడమ్మ వెనక చాప మీద కూర్చున్నారు. పైడమ్మ పక్కకి జరిగి చోటిచ్చింది.

"ఏ ఊరు బాబూ మీది?" అంది వెనక్కి తిరిగి.

"ఏటి అవతల."

"మా ఆయన మాట వినడానికి వచ్చారా?"

"మీ మాట వినడానికి వచ్చానమ్మా," అన్నారు. తర్వాత ఆవిడ ఏదో ఒకటి చెప్తూనే ఉంది, ఆయన తల వంచుకుని వింటూనే ఉన్నారు. మునగచెట్టు గురించి, తన మోకాళ్ళ గురించి, కూతురు తన దగ్గరికి వచ్చి ఉండమంటే సాయంత్రాలు కుదరవని చెప్పిన సంగతి. ఆయన మధ్యలో ఊఁ కొట్టడం కూడా లేదు.

వెలుగు తగ్గింది. చెట్లు నల్లబడ్డాయి. గాలి ఆగిపోయి, వెచ్చగా, ఎవరో దగ్గరగా నిలబడినట్టు ఉంది. గవర్రాజు సిమెంటు జిరాఫీ కింద కూర్చున్నాడు. పెదవులు బిగించి ఉంచాడు. అయినా వచ్చింది.

"పైడీ, ఉక్కగా ఉంది కదూ."

"ఉక్కేనండీ. వానొచ్చేలా ఉంది."

"అప్పడాలు లోపల పెట్టేశావా?"

"పెట్టేశానండీ."

పిల్లలు అల్లరి మానేసి పెద్దవాళ్ళ ఒళ్ళోకి జరిగారు. కూర గిన్నె ఖాళీ అయింది. గవర్రాజు చేతుల మీద దద్దుర్లు మోచేతుల దాకా లేచాయి. పార్కు గేటు దగ్గర నీలవేణి నిలబడి ఉంది. లోపలికి రాలేదు.

"మరి వెళ్ళొస్తాను పైడీ," అంది ఆ గొంతు.

పైడమ్మ నోరు తెరిచింది.

"వెళ్ళండి."

పైడమ్మ గొంతే. అదే సన్నని ఒణుకు, అదే ఆఖర్న సాగదీయడం. కానీ పైడమ్మ నోరు తెరిచి ఉందంతే, కదల్లేదు. ఆవిడ చెయ్యి మెల్లగా వెళ్ళి తన పెదవుల్ని తడుముకుంది. వెనక కూర్మయ్య మాస్టారు నేలవైపు చూస్తూ కూర్చున్నారు.

"ఏమన్నావు?" అంది ఆ గొంతు.

"వెళ్ళండి. ఇంక రాకండి," అంది పైడమ్మ గొంతు, పైడమ్మ వెనకనుంచి.

మా ముంజలు మా చేతుల్లోనే ఉండిపోయాయి. మా ఊళ్ళో ఏ ఆడమనిషీ మొగుడితో ఆ మాట అనగా మేము వినలేదు. అనాలనుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు, అది వేరు.

గవర్రాజు మొహం ఇటు తిరిగింది. కళ్ళు మూసే ఉన్నాయి. మూసిన కళ్ళతోనే పైడమ్మనీ, ఆవిడ వెనకనీ, మళ్ళీ పైడమ్మనీ వెతికింది ఆ మొహం. దారి తెలీని మనిషి వీధి మొదట్లో నిలబడి చూసినట్టు.

"పైడీ, నువ్వేనా అన్నది?"

మాస్టారు ఇంక పలకలేదు. పెదవులు మూసేసుకున్నారు. ఆయన వచ్చిన పని అంతవరకే లాగుంది.

కాదండీ అంటే చాలు. ఎవరో ఏటి అవతలి మనిషి అన్నాడు, నేను కాదు అంటే చాలు. రేపూ వస్తాడు. పైడమ్మకి ఆ సంగతి తెలుసు. మాకూ తెలుసు. ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు. గవర్రాజు చేతుల మీది దద్దుర్ల వంక చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత గేటు దగ్గర నిలబడ్డ నీలవేణిని చూసింది. పమిట కొంగు భుజం మీదికి లాక్కుంది.

"నేనేనండీ అన్నది."

"నువ్వేనా?"

"నేనే."

ఆ గొంతు ఇంకేదో అడుగుతుందని ఎదురుచూశాం. ఎంతకీ రాలేదు. చివరికి, బాగా కిందినుంచి, "సరే" అంది. వెళ్ళొస్తాను అనలేదు.

గేటు కిర్రుమందని కొందరంటారు. ఆ గేటు గాలి ఉన్నా కిర్రుమంటుంది, లేకపోయినా కిర్రుమంటుంది. దాని సాక్ష్యం ఎవరూ నమ్మరు. నీలవేణి మాత్రం పెద్దమనిషికి దారి ఇచ్చినట్టు పక్కకి జరిగింది. ఎందుకు జరిగిందో ఇప్పటికీ చెప్పదు.

పైడమ్మ ఖాళీ గిన్నె మూత పెట్టి, గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎవరూ ఆవిణ్ణి పలకరించలేదు. కరుణాకరంగారు కూడా పలకరించలేదంటే మీరు అర్థం చేసుకోవచ్చు.

గవర్రాజు కళ్ళు తెరిచాడు. నోరు ఆడించాడు. ముందు గాలే వచ్చింది. తర్వాత ఒక మాట వచ్చింది.

"నీలా."

సన్నగా, పగుళ్ళతో, ఆ మాట అనొచ్చో అనకూడదో అని అడిగినట్టు ఉంది. అది సన్యాసినాయుడిది కాదు. సినిమా హీరోది కాదు, మేనేజరుది కాదు, పాలవాడిది కాదు. ఊళ్ళో అందరి గొంతులూ తెలిసినవాళ్ళం, ఇది ఎవరిదో మాలో ఒక్కరికీ పోల్చుకోవడం రాలేదు. ఆ గొంతు వినగానే, చచ్చిపోయినాయన మాట్లాడినన్నాళ్ళూ కదలకుండా కూర్చున్న పిల్లలు కొందరు ఏడుపు మొదలుపెట్టారు.

నీలవేణి గేటు దాటి లోపలికి అడుగు పెట్టింది. కాస్త దూరంలో ఆగి, కొత్తమనిషిని చూసినట్టు చూసింది.

గవర్రాజు తన గొంతు మీద చెయ్యి వేసుకున్నాడు. మాస్టారి వైపు తిరిగాడు.

"ఇది ఎవరి గొంతు మాస్టారూ?"

కూర్మయ్య మాస్టారు చాప మీదనుంచి లేచి, పంచెకి అంటిన మట్టి దులుపుకున్నారు.

"నాకేం తెలుసురా," అన్నారు. "ఇవాళేగా వింటున్నాను."