దీపాలసంత స్టేషన్‌లో మెట్లమ్మ వెలసిన వైనం

మహానగరపు భూగర్భ రైలు మార్గంలో దీపాలసంత అనే స్టేషన్ ఒకటి ఉంది. అక్కడ రైలు ఆగదు, టికెట్టు ఇవ్వరు. అయినా మంగళవారం వచ్చిందంటే ఇసుక వేస్తే రాలనంత జనం. అందరూ చెప్పులు విడిచి, ఆగిపోయిన కరెంటు మెట్ల మీద ఉలుకూ పలుకూ లేకుండా నిలబడి, మెట్లమ్మ తల్లికి దండం పెట్టుకుంటారు.

పూర్వం ఇక్కడ రైళ్ళు ఆగే కాలంలో తవిటయ్య అనే మెకానిక్ ఉండేవాడు. ఆ మెట్లను కన్నకూతురిలా చూసుకునేవాడు. ఒక దసరాకు ఆయుధపూజ చేస్తూ మెట్లకు పసుపు రాసి, బొట్లు పెట్టి, యంత్రం ఆపడం మరచి కొబ్బరికాయ కొట్టాడు. ఒక చిప్ప మెట్టెక్కి దర్జాగా కిందికి ప్రయాణించి, అడుగున యంత్రం పళ్ళలో ఇరుక్కుంది. మెట్లు కిర్రుమని ఆగిపోయాయి.

"సాయంత్రానికి నడవకపోతే నీ ఉద్యోగం ఊడినట్టే" అన్నారు ఇంజినీరు చయనులు గారు. తవిటయ్య పనిముట్ల సంచీ కోసం పరుగెత్తాడు. అది తెచ్చేలోగా, పసుపూ బొట్లూ చూసిన ప్రయాణికులు మెట్లకు దండలు వేసేశారు. పూలమ్మే సూరమ్మ అడ్డంగా కూర్చుంది.

"అమ్మోరి వొంటిమీద పానా ఎడతావేట్రా?"

"అమ్మోరు కాదప్పా, కొబ్బరి చిప్ప ఇరుక్కుంది! నానే కొట్టినాను!"

"సూసినారా! ఈడు కొట్టిన కాయని అమ్మోరు సొయంగా నోట్లో ఏసుకుంది!"

జనం తవిటయ్య కాళ్ళమీద పడ్డారు. నిజం చెప్పేకొద్దీ ఆయన మహిమ పెరిగింది. పాపం, ఆయనకు ఏడుపొక్కటే తక్కువ.

ఇంజినీరుగారు చిందులు తొక్కుతూ వచ్చారు. సగం మెట్లు దిగేసరికి జేబులో ఫోను మోగింది. ఏళ్ళ తరబడి ఆగిన ప్రమోషన్ వచ్చిందట. ఆయన ఆ మెట్టు మీదే బూట్లు విప్పేశారు. తరువాత పైవారందరూ కూర్చుని, అమ్మవారిని కదిలించడం కంటే రైళ్ళను ఆపకుండా పంపడమే క్షేమమని తీర్మానించారు.

నాటి నుండి ఇక్కడ కొబ్బరికాయ కొట్టరు, నిండుకాయే సమర్పిస్తారు. మెట్టు మీద కదలకుండా మొక్కినవారికి ఆగిన బదిలీలు, పెన్షన్లు, పెళ్ళిళ్ళు కదులుతాయని భక్తుల నమ్మకం. తవిటయ్యగారి ఉద్యోగమూ నిలిచింది. నేటికీ ఆయన మెకానిక్కే. చిటికెలో ఆ చిప్ప తీయగలరు, చేతులు దురదపెడుతూనే ఉంటాయి. జీతం మాత్రం ఆ మెట్లు ఎన్నడూ నడవకుండా కాపాడుతున్నందుకు ఇస్తున్నారు.