పసుపుతాడు చేపలు

అనగనగా గోదారి సముద్రంలో కలిసేచోట ఒక రేవు. ఆ రేవుకి చేపల చదువు చదివిన హేమలత అనే అమ్మాయి వచ్చింది. ఊఁ కొట్టు చాలు, ప్రశ్నలొద్దు. పొద్దున్నించీ నిలబడే ఉన్నాను.

ఆమె పని ఏమిటంటే, పండుగప్ప చేపని ప్రాణంతో పట్టడం, కొలవడం, వీపుకి అంకె వేసిన పసుపు ప్లాస్టిక్ తాడు గుచ్చడం, మళ్ళీ నీళ్ళలో వదలడం. ఆ చేప తర్వాత ఎవరి వలలోనైనా పడి, వాళ్ళు కబురుచేస్తే, ఎంత దూరం తిరిగిందో, ఎంత పెరిగిందో తెలుస్తుంది.

మూడేళ్ళు వదిలింది. ఒక్క కబురూ రాలేదు. అప్పుడు పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. "నీ చేపలన్నీ చచ్చినట్టున్నాయి. నెలాఖరుకి ఒక్కటైనా కనపడకపోతే పని ఆపెయ్."

అప్పుడు హేమలత పడవలవాళ్ళని అడిగింది. "మేం చూళ్ళేదండి" అన్నారు, వల మీంచి తలెత్తకుండా. ఆ తర్వాత రేవులో చేపల వేలం వేసేవాళ్ళని అడిగింది. "మాదాకా రాలేదండి" అన్నారు. ఆ తర్వాత కాళ్ళు పీకి, ఎండుచేపలు తిరగేస్తున్న బంగారమ్మ పక్కన కూలబడింది.

"నా చేపలన్నీ చచ్చిపోయాయి పిన్నీ."

"పసుపుతాడు చేపలా? చావడమేంటి! మొన్న మా ఆయన వల్లో పడిందిగా."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే కోస్తావని. పసుపుతాడు కట్టిన ముత్తైదువని ఎవరన్నా కోస్తారా? గంగమ్మకి దణ్ణం పెట్టి వదిలేశాం. ఈ రేవులో అందరం అంతే."

హేమలత తల పట్టుకుంది. "పండుగప్పలు చిన్నప్పుడు అన్నీ మగవే పిన్నీ!"

"మగోడికి తాడు కట్టింది నువ్వు. మమ్మల్నంటావే?"

"కొయ్యను, కొలిచి వదిలేస్తాను. గంగమ్మ మీద ఒట్టు."

ఆ మర్నాడే బంగారమ్మ హేమలతని తన మొగుడి పడవ ఎక్కించి, తనూ ఎక్కింది. మొదటి రోజు నాచు పడింది. రెండో రోజు వల చిరిగింది. మూడో రోజు, ఇక హేమలతకి నిలబడే ఓపిక లేనప్పుడు, వలలో పసుపుతాడు మెరిసింది.

బంగారమ్మ చేప కళ్ళ మీద తడిగుడ్డ కప్పింది. పడవలో అందరూ హేమలత చేతులే చూస్తున్నారు. ఆమె కొలిచింది. వదిలినప్పుడు మూరెడు, ఇప్పుడు రెండు మూరలకి నాలుగు వేళ్ళు తక్కువ. అప్పుడు చేపని రెండు చేతులతో నీళ్ళలో దించింది. అది తోక ఝాడించి పోయింది.

అప్పుడు లేచాయి నోళ్ళు. ఒకడు ఎగువన పట్టి వదిలానన్నాడు, ఒకడు సముద్రం ముఖాన అన్నాడు. అందరి చేపలూ నిలువెత్తువే. చోట్లు రాసుకుంది, కొలతలు రాసుకోలేదు.

ఆ తర్వాత ఆఫీసు నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. "సంతోషం. పని ఆపకు. ఇంకో మూడొందల చేపలకి తాళ్ళు గుచ్చు."

హేమలత ఉత్తరం చదివింది. ఉస్సురంటూ కాసేపు కూర్చుంది. తర్వాత కుచ్చెళ్ళు ఎగదోపుకుని, మళ్ళీ నీళ్ళలో దిగింది.

చేపేమో ఏటికి,
పడవేమో గట్టుకి,
కథేమో కంచికి,
నేనేమో మంచానికి.