ఎర్రగుడిపాడుకు మూడు దారులు

దస్తగిరికి ముద్ద దిగడం లేదు.

ఉద్యోగం వచ్చిన రోజు కనబడినవాళ్ళందరి చేతిలో బెల్లంముక్క పెట్టినవాడు, ఇప్పుడు కంచం ముందు కూర్చుని రాగిసంగటిని వేలితో తవ్వుతున్నాడు.

గుండ్లమడుగు ఊరి బయట బురాన్ షా అనే ఫకీరు ఉండేవాడు. చుట్టుపక్కల ఏ కులంవాళ్ళయినా ఆయన్ని బురాన్ తాత అనే పిలిచేవాళ్ళు. దస్తగిరి దూదేకుల ఇంట పుట్టి, మీసాలు రాకముందే వచ్చి ఆయన దగ్గర చేరాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. హిందుస్తానీ మాత్రం తాత నోట్లోంచి విని, తప్పులు పలికి, తిట్లు తిని నేర్చుకున్నాడు.

ఆ భాషే ఉద్యోగం తెచ్చిపెట్టింది. కొత్తగా వచ్చిన దొర, రైతుల భూములకు శిస్తు నిర్ణయించడానికి ఊరూరా డేరాలు వేయించుకుని తిరుగుతున్నాడు. ఆయనకు తెలుగు రాదు, హిందుస్తానీ వచ్చు. రైతులు చెప్పింది ఆయన చెవిన వేయడానికి ఒక దుబాసి కావాలి. పాత దుబాసిని తీసేశారు. ఎందుకు తీసేశారో, ఆ మనిషి ఇప్పుడు ఎక్కడున్నాడో ఎవరూ చెప్పలేదు.

మొదటి కచేరీ రేపు. ఎర్రగుడిపాడులో, పొద్దు పొడిచే వేళకు. ఎండ ముదరకముందే పని చక్కబెట్టుకోవడం దొర అలవాటు. వేళ దాటి వచ్చినవాడి ముఖం కూడా చూడడట.

ఎర్రగుడిపాడుకు మూడు దారులు.

నక్కలకనుమ గుండా పోతే దగ్గర. కొండల నడుమ కాలిబాట. కానీ కనుమలో ఎలుగుబంటి తిరుగుతోందని కట్టెలు కొట్టేవాళ్ళు చెప్పారు. అది పిల్లలున్న తల్లి అన్నారు. పోయిన వేసవిలో అది ఒక మనిషి ముఖం ఎట్లా చీల్చిందో చేత్తో గీసి చూపించారు.

పెన్న దాటి పోవచ్చు. పుట్టి నడిపి ఏరు దాటించేవాణ్ణి అడిగితే, ఎగువన ఎక్కడ చినుకు పడినా ఏరు చెప్పి రాదన్నాడు. ఏట్లో కొట్టుకుపోయినవాళ్ళ పేర్లు చెప్పాడు. ఒక్కొక్క పేరుకూ ఆగి, ఏటివైపు చూశాడు.

ఇక బండిబాట. కొండ చుట్టూ తిరిగిపోవాలి. ఆ బాటన దొంగలు మాటు వేస్తారనీ, ఆడమనిషిలా ఏడ్చి బండి ఆపిస్తారనీ బండ్లవాళ్ళు చెప్పారు.

దస్తగిరి అంతటితో ఊరుకోలేదు. కట్టెలవాళ్ళ దగ్గరికీ పుట్టివాడి దగ్గరికీ మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ అడిగేసరికి వాళ్ళు ఇంకాస్త కలిపి చెప్పారు. ఆ కలిపినదాన్ని కూడా శ్రద్ధగా విన్నాడు.

"ఏందిరా, సంగటిలో ఏమన్నా పారేసుకున్నావా?" అన్నాడు బురాన్ తాత. ఆయన గోడకానుకుని కంబళికి మాసిక వేసుకుంటున్నాడు.

దస్తగిరి కంచం పక్కకు జరిపి, మూడు దారులూ చెప్పాడు. ఎలుగుబంటి గురించి చెప్పాడు. ఏటి గురించి, ఆడమనిషి ఏడుపు గురించి చెప్పాడు.

"ఏ దారిన పోను తాతా?"

తాత సూది కంబళికే గుచ్చి, లేచాడు. గడప పక్కనున్న దస్తగిరి చెప్పులు తీశాడు. దుమ్ము దులిపాడు. మునివేళ్ళ మీద నిలబడి వాటిని అటక మీద పెట్టేశాడు.

"పోవద్దులే" అన్నాడు. "కనుమలో ఎలుగుబంటి నిజమే. ఏరూ నమ్మదగ్గది కాదు. దొంగలూ ఉన్నారు. దొరకు ఎవరో ఇంకొక దుబాసి దొరుకుతాడు. ఇక్కడే ఉండు. తిను."

 దస్తగిరి కంచం దగ్గరికి లాక్కున్నాడు. ముద్ద దిగింది. ఇంకో ముద్ద దిగింది. పచ్చడి ఇంకొంచెం వేసుకున్నాడు.

అప్పుడు తలెత్తాడు. తాత తననే చూస్తున్నాడు.

"ఉద్యోగం పోయిందిరా నీకు ఇప్పుడే" అన్నాడు తాత మెల్లిగా. "దారంటేనే భయమైనవాడు ఉద్యోగం పోయినందుకు అయ్యో అంటాడు. నువ్వు పచ్చడి వేసుకున్నావు."

దస్తగిరి చెయ్యి కంచంలోనే ఆగింది. చెవులు కాలాయి. తాత మళ్ళీ కంబళి ఒళ్ళోకి లాక్కుని సూది తీసుకున్నాడు. ఇంకేం అడగలేదు. ఆ అడగకపోవడమే భరించలేకపోయాడు దస్తగిరి.

"భీమాజీ పంతులు పిలిపించాడు తాతా" అన్నాడు చివరికి.

భీమాజీ పంతులు దొర దగ్గర శిరస్తాదారు. కచేరీలో దొర తర్వాత ఆయనే.

"ఏమన్నాడు?"

"ఎర్రగుడిపాడు రైతులు చెరువులో నీళ్ళు లేవని మొరపెట్టుకుంటారట. వాళ్ళు 'లేవు' అంటే నేను దొరతో 'తక్కువ' అనాలట. అంతే. రెండు మాటలకీ పెద్ద తేడా ఏముందోయ్ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు."

తాత సూదిలోకి దారం ఎక్కిస్తున్నాడు.

"తేడా ఉంది తాతా. నీళ్ళు లేకపోతే అది మెట్ట. తక్కువైనా ఉన్నాయంటే మాగాణి. మాగాణి శిస్తు కట్టలేక వాళ్ళు భూమి వదిలి పోవాల్సిందే. ఆ చెరువులో నీళ్ళున్నాయని పంతులు ముందే దొరకు చెప్పేసుకున్నాడు. తన మాట నిలబడాలి." దస్తగిరి గొంతు తగ్గించాడు. "'పాత దుబాసి నా మాట వినలేదోయ్' అని కూడా అన్నాడు పంతులు. అది కూడా నవ్వుతూనే."

"నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేదు. దండం పెట్టి వచ్చేశాను. అప్పట్నించి దారి గురించే అడుగుతున్నాను అందరినీ. ఏదో ఒకటి... ఏరో, ఎలుగుబంటో..."

బయట గాలికి తలుపు కిర్రుమంది. దస్తగిరి ఉలిక్కిపడ్డాడు.

"నన్నేం చెయ్యమంటావు తాతా?"

తాత లేచి అటక మీది చెప్పులు తీసి అతని ముందు పెట్టాడు.

"అది నన్నడగొద్దు. నువ్వడిగింది దారి. దారైతే చెప్తా. కనుమన పో. పెద్దగా పాట పాడుకుంటూ పో. మనిషి చప్పుడైతే ఎలుగుబంటి తప్పుకుంటుంది."

*

తెల్లవారడానికి ఇంకా చాలా సేపుంది. దస్తగిరి కనుమలో అడుగు పెట్టాడు. రాళ్ళు ఎక్కడికక్కడ కూర్చున్న జంతువుల్లా కనబడుతున్నాయి. ఒక్కొక్క రాయినీ అది రాయే అని తేల్చుకుని గానీ అడుగు వేయలేకపోయాడు.

పాట పాడదామంటే ఒక్క పాటా గుర్తు రాలేదు. తాత దగ్గర నేర్చుకున్నవి, అమ్మ దూది ఏకుతూ పాడినవి, అన్నీ ఎటో పోయాయి. పొదలో ఏదో కదిలింది. పొడిపొడిగా, బరువుగా, ఆకులు నలుగుతున్న చప్పుడు. దస్తగిరి నోట్లోంచి అప్పుడు వచ్చింది ఒక్కటే మాట.

"పానీ కమ్ హై!"

నీళ్ళు తక్కువ. అరుద్దామనుకున్నాడు కానీ, 'కమ్' దగ్గర పెదాలు మూసుకుపోయి గొంతు లోపలే ఉండిపోయింది. చప్పుడు ఇంకా దగ్గరికి వచ్చింది. ఏదో నల్లగా, కుప్పలా, బాటకు అడ్డంగా ఆగింది. తడి మట్టివాసనలాంటిదేదో ముక్కుకు తగిలింది.

"పానీ నహీఁ! పానీ నహీఁ హై!"

ఈసారి కొండ కూడా అరిచింది. ఇటు కొండ అన్నది అటు కొండ అందుకుంది. నల్లటి కుప్ప కాసేపు అక్కడే ఉంది. తర్వాత తొందరేమీ లేనట్టు పక్కకు తిరిగి, పొదల్లోకి వెళ్ళిపోయింది.

దస్తగిరి ఆగలేదు. ఆ మాటే అరుస్తూ నడిచాడు. నీళ్ళు లేవు, నీళ్ళు లేవు అని, కనుమ దాటేదాకా, పిచ్చివాడిలా.

అవతల బయలు కనబడగానే ఎలుగుబంటి భయం ఇట్టే పోయింది. డేరా కనబడగానే పంతులు భయం మళ్ళీ వచ్చింది. అది అరిస్తే పక్కకు తప్పుకునేది కాదు.

*

పొద్దు పొడిచింది. దొర కుర్చీలో కూర్చున్నాడు. వయసు పెద్దదేమీ కాదు. ఎండకు ముఖం కందిపోయి, నిద్ర చాలనివాడిలా ఉన్నాడు. పక్కన భీమాజీ పంతులు నిలబడ్డాడు. తెల్లటి తలపాగా, చెవులకు పోగులు. దస్తగిరిని చూసి తల పంకించాడు. వేళకు వచ్చావన్నట్టు.

ఎదురుగా రైతులు నేల మీద గొంతుక్కూర్చున్నారు. వాళ్ళ చూపంతా పంతులు మీదే ఉంది. కొత్త దుబాసి వైపు ఎవరూ చూడలేదు. పంతులు ఎవరిని పెట్టుకుంటే వాడు పంతులు మనిషే అని వాళ్ళకు తెలుసు.

ముందుగా పెద్ద ఓబన్న అనే ముసలి రైతు లేచాడు. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"దొరా, మా చెరువుకు గండి పడి రెండో ఏడు. పూడ్చేవాడు లేడు. చెరువులో నీళ్ళు లేవు. మా గొడ్లు గూడా పక్క ఊరికి పోయి తాగుతుండాయి."

దొర దస్తగిరి వైపు తిరిగాడు. పంతులూ తిరిగాడు. పంతులు పెదవుల మీద ఆ నవ్వు ఉంది.

 దస్తగిరి నోరు తెరిచాడు. అరిచి అరిచి పోయిన గొంతు. దానికి ఈ పొద్దున తెలిసిన మాట ఒక్కటే.

"పానీ నహీఁ హై, హుజూర్" అన్నాడు. బొంగురుగా వచ్చింది. గండి సంగతీ గొడ్ల సంగతీ కూడా చెప్పాడు.

పంతులు నవ్వు ముఖం మీదే ఉండిపోయింది. ఆయన దొర వైపు వంగి, హిందుస్తానీలోనే అన్నాడు. "కుర్రవాడు కొత్త, హుజూర్. తడబడ్డాడు. ముసలాడు చెప్పింది నీళ్ళు తక్కువ అని."

దొర ఇద్దరినీ చూశాడు. తర్వాత దస్తగిరిని అడిగాడు. "లేవా? తక్కువా?"

డేరా గుడ్డ గాలికి టపటపా కొట్టుకుంటోంది. ఓబన్నకు హిందుస్తానీ రాదు. కానీ ఏదో తన గురించే తూగుతోందని అర్థమై, మొట్టమొదటిసారి దస్తగిరి ముఖంలోకి చూశాడు. పాత దుబాసి కూడా ఇట్లాగే దొర ముందు నిలబడి ఉంటాడనుకున్నాడు దస్తగిరి.

"లేవు, హుజూర్."

 దొర లేచి టోపీ పెట్టుకున్నాడు. గుర్రం తెమ్మన్నాడు. చెరువు ఎటువైపో చూపించమన్నాడు.

ఎండ నెత్తికెక్కకముందే తిరిగి వచ్చాడు. గుర్రం కాళ్ళకు తెల్లటి పొడిమట్టి అంటుకుని ఉంది. ఆ భూములను మెట్టకింద రాయమని చెప్పి డేరాలోకి వెళ్ళిపోయాడు. పంతులును ఏమీ అనలేదు. దస్తగిరిని మెచ్చుకోనూ లేదు.

జనం లేస్తుండగా పంతులు దస్తగిరి పక్కకు వచ్చాడు. ఈసారి తెలుగులోనే, అందరికీ వినబడేట్టు అన్నాడు.

"వేళకు బాగానే వచ్చావోయ్ సాయిబూ. ఇంటికెట్లా చేరతావో అది చూసుకో."

నవ్వలేదు.

 పంతులు జవాన్లు ఇద్దరు అప్పటికే కనుమవైపు నడుస్తున్నారు. చేతుల్లో కర్రలున్నాయి. దస్తగిరి డేరా నీడలో నిలబడిపోయాడు. ఏటివైపు పోతే? బండిబాటన పోతే? మళ్ళీ మూడు దారులూ బుర్రలో గిర్రున తిరగడం మొదలుపెట్టాయి.

ఓబన్న తలగుడ్డ చుట్టుకుంటూ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఏ ఊరు నాయనా నీది?"

"గుండ్లమడుగు."

ఓబన్న వెనక్కి తిరిగి తనవాళ్ళను చూశాడు. కొందరు కర్రలు అందుకున్నారు, కొందరు గొడ్డళ్ళు భుజాన వేసుకున్నారు. కట్టెలకు పోతున్నవాళ్ళలా నడక మొదలుపెట్టారు. దస్తగిరి వాళ్ళ నడుమ నడిచాడు. కనుమ మలుపులో రాతి మీద జవాన్లు కూర్చుని ఉన్నారు. దస్తగిరికి అడుగు పడలేదు. వెనకనుంచి ఎవరిదో చెయ్యి వీపు మీద పడి మెల్లిగా ముందుకు తోసింది. జవాన్లు గుంపును చూశారు. తర్వాత కొండవైపు చూస్తూ కూర్చున్నారు.

*

గుండ్లమడుగు చేరేసరికి ఎండ మండిపోతోంది. బురాన్ తాత గడపలో ఉన్నాడు. దస్తగిరి పరుగులాంటి నడకతో ముందుకొచ్చి, జరిగిందంతా ఒక్క ఊపిరిలో చెప్పాడు. దొర అడిగింది, తను అన్నది, పంతులు అన్నది.

"రేపు మళ్ళీ రమ్మన్నారు తాతా. పంతులు ఊరుకోడు. నాకింకా భయంగానే ఉంది."

తాత అతని భుజం మీదుగా బయటికి చూశాడు. వాకిట్లో రైతులు దుమ్ము కొట్టుకుపోయిన కాళ్ళతో నిలబడి ఉన్నారు. లోపలికి రావాలో, ఇటునుంచి ఇటే పోవాలో తెలియనట్టు ఉన్నారు. ఓబన్న తలగుడ్డ కొసతో మెడ తుడుచుకుంటున్నాడు.

"వాళ్ళెవరు?"

"ఎర్రగుడిపాడు వాళ్ళు తాతా. నేను పిలవలేదు. వాళ్ళే నాకు తోడొచ్చారు."

"మరి నిలబడతావేందిరా?" అన్నాడు బురాన్ తాత. "పోయి నీళ్ళు తోడు."

దస్తగిరి ఆయన ముఖంలోకి చూశాడు. తర్వాత బావి దగ్గరికి వెళ్ళి, చేద లోపలికి వదిలాడు.